మాటల్లో కులం – 9 : గ్లాసు



ఈసారి మాట 'గ్లాసు'. మెరుపు అనే అర్థమున్న మూలం నుంచి పుట్టిందని భాషావేత్తలు చెబుతారు. బాల్టిక్ తీరంలోని జనం అంబరును 'గ్లేసుమ్' అంటారని రోమన్ రచయిత టాసిటస్ ఒకటో శతాబ్దం చివర్లో రాశాడు. ఇంగ్లీషులో అది గాజుకు, ఆ తర్వాత గాజుతో చేసిన పాత్రకు పేరైంది. మన ఇళ్లకొచ్చాక స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు, పేపరు గ్లాసు అయింది. తెలుగులో గ్లాసు గాజుది కానక్కర్లేదు.

తాగేవాడి కులం మాత్రం తెలియాలి.

టీ కొట్లో బల్ల మీద ఒక గ్లాసు, బయట చూర్లో ఇంకొకటి. చూర్లోది మనది. తాగాక మనమే కడిగి అక్కడే దోపాలి. 'రెండు గ్లాసుల పద్ధతి' అనే ఈ అర్థం ఇంగ్లండు నుంచి రాలేదు. మన ఊళ్లే ఇచ్చాయి.

మా వాకాడు పక్కన చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే సిలికా ఇసుక గాజు పరిశ్రమకు ముడిసరుకు. ఈ నేల ఇసుకతో గ్లాసు తయారవుతుంది. ఈ నేల మీద కూలి చేసేవాడికి ఆ గ్లాసు అంటు.

హోటల్లో అందరికోసం ఉంచిన పాత్రలు అంటరానితనం పేరుతో వాడనివ్వకపోవడం నేరమని 1955లోనే చట్టం చేశారు. ఇప్పుడు దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టం. నాలుగో సెక్షన్ చదవండి. ఆ చట్టం వచ్చిన ముప్పై ఏళ్లకు కారంచేడులో, మంచినీళ్ల చెరువులో మురికి కలపొద్దన్నందుకు గొడవైంది. దెబ్బ కాచుకోవడానికి మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు.

"ఇంకా ఎక్కడ సార్, అందరికీ పేపరు గ్లాసులేగా" అంటారు. ఒకసారి అద్దె ఇల్లు చూడబోయాను. స్టీలు గ్లాసులో మంచినీళ్లిచ్చారు. కులం అడిగారు, చెప్పాను. తర్వాత టీ వచ్చింది. వాళ్లకు స్టీలు గ్లాసుల్లో, నాకు పేపరు గ్లాసులో. ఇల్లేమో చుట్టాలకు ఇచ్చేశారట! పేపరు గ్లాసు కులాన్ని తీసెయ్యలేదు. నేను తాగింది వాళ్లు కడిగే అవసరాన్ని తీసేసింది, అంతే.

విద్యార్థి మిత్రులారా, మీ ఊరి టీ కొట్లో, మీ హాస్టల్లో, మీ అధ్యాపకుల ఇళ్లలో చూడండి. గ్లాసు దేనితో చేశారని కాదు. పనమ్మ గ్లాసు ఎక్కడ పెడతారు? ఎవరు కడుగుతారు? ఎవరికి ఏది ఇస్తారు? ఊరు, తేదీతో సహా రాసుకోండి. కేసు పెట్టాలన్నా, నిఘంటువులో ఈ అర్థం ఎక్కించాలన్నా ఆ రాతలే ఆధారం.

జై భీమ్.