రాయికి రాయల్టీ ఉంది, ఊపిరికి ఏది?

అవుకు, కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల. ఈ పేర్లు వింటే నాపరాయి గుర్తొస్తుంది. మన ఇళ్లల్లో పరచుకున్న బండల్లో ఎన్నో ఈ నేల నుంచే వచ్చాయి. వాటిని తవ్వి, కోసి, పాలిష్ పట్టినవాళ్లు మింగిన దుమ్ముకు లెక్క ఎవరు చెబుతారు?

చట్టాలకు కొదవ లేదు. క్వారీలో దిగితే కేంద్రం కింది గనుల భద్రతా శాఖ. పాలిష్ ఫ్యాక్టరీలో నిలబడితే రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ. శాఖలు రెండు, కూలీ ఊపిరితిత్తులు మాత్రం అవే! వాటిని పరీక్షించే డబ్బు ఏ పద్దు నుంచి రావాలి?

అమెరికాలో 1970 నాటి చట్టం ప్రకారం, కార్మిక భద్రతా కార్యక్రమాన్ని సొంతంగా నడుపుకునే రాష్ట్రానికి ఖర్చులో సగం దాకా కేంద్రమే గ్రాంటు ఇస్తుంది. మన దగ్గర డబ్బు లేదా? ఉంది. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. గనుల యజమానులు రాయల్టీకి అదనంగా అందులో జమ కట్టాలి. ఆరోగ్యం ఆ నిధి ప్రాధాన్యాల్లో ఒకటి. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ విధానం తెచ్చింది. జబ్బు నిర్ధారణ అయితే కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు అంది. మంచిదే. కానీ సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. పరిహారం కంటే ముందు నివారణ కావాలి.

మేం అడిగేది దానం కాదు. నంద్యాల జిల్లా ఖనిజ నిధిలో కార్మిక ఆరోగ్యానికి విడి పద్దు పెట్టండి. ఏటా అవుకులోనే ఛాతీ ఎక్స్‌రే, శ్వాస పరీక్ష చేయించండి. కోత యంత్రాలకు నీళ్లు పెట్టించండి, దినకూలీ పేరు రిజిస్టర్‌లోకి ఎక్కించండి. ఖనిజ నిధి రోడ్లకూ గోడలకూ పోయే ముందు రాయి కోసినవాడి గడప తొక్కాలి.