నలభై అయిదు రోజులు

ఎన్నికల పిటిషన్ అనగానే మనలో చాలామందికి 1975 జూన్ 12 గుర్తొస్తుంది. 1971లో రాయబరేలీ నుంచి గెలిచిన ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పిన రోజది. చట్టం ముందు ప్రధానమంత్రి అయినా ఒకటేననడానికి దాన్ని చూపిస్తుంటారు. తీర్పు రావడానికి నాలుగేళ్లు పట్టిందనీ, ఆ తర్వాత పార్లమెంటు చట్టాన్నే వెనకటి తేదీ నుంచి మార్చేసిందనీ, అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఎన్నిక చెల్లుతుందని తేల్చిందనీ మాత్రం అంతగా చెప్పరు.

ఈ చట్టం నాకు తెలిసింది ఒక మిత్రురాలి వల్ల. భర్త నుంచి విడిపోయిన మనిషి. 2014లో లోక్‌సభకి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. పోలింగ్‌కి రెండ్రోజుల ముందు ఆమె నడత గురించి ఊరూరా కరపత్రాలు పంచారు. ఓడిపోయినందుకు ఆమె బాధపడలేదు. ఆ కాగితాన్ని కూతురు చదివినందుకు ఏడ్చింది. కోర్టుకి వెళ్దామన్నది మేమే.

అభ్యర్థి వ్యక్తిగత శీలం గురించి అబద్ధాలు ప్రచారం చేయడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. ఓటుకి లంచమివ్వడంతో సమానం. చదివి సంతోషించాం. లాయరు మిగతాది చెప్పారు. పిటిషన్ 45 రోజుల్లో హైకోర్టులో పడాలి, ఒక్కరోజు ఆలస్యాన్నీ మన్నించరు. లాయరు చేత పంపిస్తే కుదరదు, పిటిషనరే వెళ్లి దాఖలు చేయాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. డిపాజిట్ 2,000 రూపాయలే. అసలు చిక్కు రుజువుది. కరపత్రం వేయించింది గెలిచిన అభ్యర్థో, ఆయన ఏజెంటో, వాళ్ల సమ్మతితో ఇంకొకరో అని క్రిమినల్ కేసులోలా గట్టిగా నిరూపించాలి. ఓడిన మరో అభ్యర్థి సొంతంగా వేయించి ఉంటే దానివల్ల ఎన్నిక రద్దు కాదు. పైగా ఆమె బోనెక్కి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో తన నడతకి తానే సంజాయిషీ చెప్పుకోవాలి. అత్యాచారం కేసుల్లో మనం చూసి చూసి ఉన్నదే ఇది.

అదే సెక్షన్‌లో మతం, జాతి, కులం, సముదాయం, భాష పేరుతో ఓటు అడగడం, వేయొద్దనడం అవినీతి చర్య అని ఉంది. ఆ వరుసలో లింగం లేదు. ఆడదానికి ఓటెందుకు వేస్తారని మైకులో అడిగినవాడు ఆ క్లాజుకి దొరకడు. స్త్రీల పేరు చెప్పదగ్గ క్లాజు ఒకటే, సతిని కీర్తించి ప్రచారం చేయకూడదన్నది. అదీ రూప్ కన్వర్ చనిపోయాక, 1987 సతీ నిరోధక చట్టంతో వచ్చి చేరింది.

ఇక కాలం సంగతి. విచారణ ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ప్రయత్నించాలనే, ముగించి తీరాలని కాదు. 1990 మహారాష్ట్ర శాసనసభ ఎన్నిక మీద వేసిన పిటిషన్‌లో, మతం పేరుతో ఓటడగడమంటే ఏమిటో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి తేల్చేసరికి 2017 వచ్చింది. ఆ సభ పదవీకాలం ముగిసి అప్పటికి ఇరవయ్యేళ్లు దాటింది.

కోర్టులతో మనకేం పని, వీధిలోనే తేల్చుకుందామనే మిత్రులున్నారు. నేను ఒప్పుకోను. ఈ చట్టంలో మనం వాడుకోని చోట్లున్నాయి. పిటిషన్ అభ్యర్థే వేయనక్కర్లేదు, ఆ నియోజకవర్గం ఓటరెవరైనా వేయొచ్చు. వేశాక బెదిరించి వెనక్కి తీయించాలన్నా కోర్టు అనుమతి కావాలి, అప్పుడు వేరొకరు ఆమె స్థానంలో నిలబడొచ్చు. ప్రింటర్ పేరు, ప్రచురించినవారి పేరు లేకుండా ఎన్నికల కరపత్రం వేయడమే 127ఏ సెక్షన్ కింద విడిగా నేరం. మా కరపత్రం మీద ఆ రెండూ లేవు. మేం దాన్ని చించి పొయ్యిలో పడేశాం. ఎవరిచ్చారు, ఏ ఊళ్లో, ఎవరు చూశారు, ఒక్క ముక్క రాసి పెట్టుకోలేదు. సాక్ష్యం కోసం తిరగడం మొదలుపెట్టేసరికి ముప్పై రోజులు గడిచిపోయాయి, చూసినవాళ్లెవరూ నోరు విప్పలేదు. పిటిషన్ వేయలేదు.