మిత్రకీటకములు – మొక్కల వైరస్‌లు

2000 సంవత్సరమున అప్పటి అనంతపురం జిల్లాలో వేరుసెనగకు వాటిల్లిన విపత్తును రాయలసీమ రైతు మఱచియుండడు. కాండపు కుళ్ళు తెగులు ఆ యేట రమారమి 2,25,000 హెక్టారులలో వ్యాపించి, 300 కోట్ల రూపాయలకు మించిన నష్టమును గలిగించినది. దానికి మూలము టొబాకో స్ట్రీక్ వైరస్. వయ్యారిభామ మొక్క తాను రోగలక్షణమేమియు జూపకయే ఆ వైరసును దాచుకొనును. దాని పుప్పొడి వేరుసెనగ ఆకులపై బడగా, తామరపురుగులు ఆకును గీరిన గాయములగుండ వైరస్ లోనికి బ్రవేశించును.

పురుగును పురుగుచేతనే చంపింపవలెనను వాదము నేడు ప్రబలముగా వినబడుచున్నది. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, పరాన్నజీవులైన చిన్న కందిరీగలు రైతునకు కూలి గోరని సేవకులు. ఈ వాదమును మేమును బలపఱచుచున్నాము. కాని వైరస్ నడుమ జొచ్చినప్పుడు లెక్క మాఱునని గ్రహింపవలయును.

మొదటిది: శత్రువు పెరిగినగాని మిత్రుడు పెరుగడు. పేనుబంక గుంపులు గట్టిన పిమ్మటనే అక్షింతల పురుగులు మెండుగా జేరును. ఆకును దిను పురుగు విషయమున ఈ జాప్యమును పంట కొంత సహించును. వైరసును మోయు పురుగులు కొన్ని చాలును, చేటు జరిగిపోవును. అటుపై వచ్చు సాయము ఇల్లు కాలిన పిమ్మట బావి త్రవ్వినట్లే యగును.

రెండవది: వేటగాడు పైబడినప్పుడు పేనుబంక ప్రమాదసూచకమగు వాసనను విడుచును. తోడివి చెదరి ప్రక్కమొక్కల జేరును. వానితోడ వైరసును బోవును. పేనుబంక సంఖ్య తగ్గుటచే దీర్ఘకాలమున తెగులు తగ్గవచ్చును గాని, తొలిదినములలో మిత్రుని రాకయే తెగులు వ్యాప్తికి దోడ్పడవచ్చును.

మూడవది: వైరస్ మిత్రునే బాధింపవచ్చును. బార్లీని గుఱుచపఱచి పసుపుబార్చు వైరసును మోయు పేనుబంకలలో కందిరీగ పిల్లల యెదుగుదల మందగించుట పరిశోధకులు గమనించిరి. మఱియు వైరస్ సోకిన మొక్క వాసన మాఱును. మొక్క వాసననుబట్టి వేటను వెదకు కందిరీగలకు ఈ మార్పు మేలో కీడో పంటపంటకును వేఱుగ బరీక్షింపవలసియున్నది.

ఇంతమాత్రమున మిత్రకీటకములను విడనాడుడని మేము చెప్పుట లేదు. విచ్చలవిడిగా మందు జల్లినచో మిత్రులు నశింతురు. మొక్కలో జేరిన వైరస్ మాత్రము చావదు. కావున తెగులు పుట్టుచోటనే దానిని అరికట్టవలయును. వయ్యారిభామను పూతకు రాకమునుపే పెఱికివేయుట, చేనిచుట్టు జొన్న సాళ్లు వేయుట, తెగులును దట్టుకొను వంగడములను వ్యాప్తిలోనికి దెచ్చుట ముఖ్యములు. బాటప్రక్కల, బంజరులలోని కలుపు ఒక్క రైతు తీర్పగలది కాదు. అది పంచాయతీలకును ప్రభుత్వమునకును విధి.

కీటకశాస్త్రజ్ఞుడొక గదిలోను, తెగుళ్ల శాస్త్రజ్ఞుడు వేఱొక గదిలోను కూర్చుండి యిచ్చు సలహాలతో రైతు గట్టెక్కజాలడు. పురుగు, వైరస్, మిత్రకీటకము మూడును ఒక్క చేనిలోనే యున్నవి. వానిని బరిశీలించువారును ఆ చేనిలోనే కలిసికొనవలయును.