బరువు తగ్గించే ఆపరేషనుకు ఎన్నాళ్ళు సిద్ధపడాలి?



ఈమధ్య ఓ.పి.లోను, ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మెట్ల మీదను మమ్మల్ని ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, బరువు తగ్గే ఆపరేషను ఎన్ని రోజుల్లో అయిపోతుంది?" అని. ఆపరేషను ఒకటి రెండు గంటల పని. ఆ తర్వాత వార్డులో రెండు మూడు రోజులు. అసలు అడగవలసింది బల్ల ఎక్కడానికి ముందు ఎన్నాళ్ళు పడుతుందని. మా జవాబు, మామూలుగా మూడు నెలలు. కొందరికి ఆరు నెలలు. వారం రోజుల్లో చేసేస్తామని ఎవరైనా అంటే మాకు భయం. ఊరికే ఏడాది తిప్పినా మేము ఒప్పుకోము.

ఈ ఆపరేషను మన దగ్గర చేయరు, పట్టణంలోని పెద్ద హాస్పిటలుకు పంపిస్తాము. అయితే వెళ్ళే ముందు షుగరు, బి.పి. దారికి తేవడం, తిరిగి వచ్చాక కట్లు విప్పడం, విటమిన్ ఇంజక్షన్లు చేయడం, వాంతులైతే అర్ధరాత్రి సెలైను పెట్టడం అన్నీ మన వార్డు సిస్టర్ల పనే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఒక సహోదరి సంగతి చెబుతాము, పేరు వద్దు. కూతురి పెళ్ళి నాలుగు నెలల్లో ఉంది. కొడుకు విదేశం నుండి మూడు వారాల సెలవు మీద వచ్చాడు. "ఆంటీ, నేను వెళ్ళేలోపు అమ్మకు చేయించేయాలి, మళ్ళీ నాకు సెలవు దొరకదు" అన్నాడు. తల్లి మీద ప్రేమతో అన్న మాటే, తప్పు పట్టలేము. కానీ రక్తపరీక్షలో మూడు నెలల షుగరు, అంటే హెచ్.బి.ఎ.1.సి., 10.8 ఉంది. హిమోగ్లోబిన్ 8.6. ఇవి సరిచేయాలి, ఆగండి అన్నాము. వారికి కోపం వచ్చింది. ఒక చోట ఎనిమిది రోజుల్లో చేస్తామన్నారని వెళ్ళిపోయారు.

ఆపరేషను బాగానే జరిగింది. నెల దాటాక ఆమెను ఆటోలో మన దగ్గరకు తెచ్చారు. రెండు వారాలుగా వాంతులు. పాదాలు తిమ్మిరి, నిలబడితే తూలిపోతోంది. హ్యాండ్‌బ్యాగులో విటమిన్ మాత్రల అట్టలు విప్పకుండా అలాగే ఉన్నాయి. "బలం మాత్రలే కదా, వాంతులు తగ్గాక వేసుకుందామనుకున్నాను" అంది. తిండి లోపలికి పోక, వాంతులు ఆగకపోతే ఒంట్లో ఉన్న కొద్దిపాటి థయమిన్, అంటే బి1 విటమిన్, వారాల్లోనే ఖాళీ అవుతుంది. అది లేక నరాలు దెబ్బతింటాయి. అలాంటివారికి ముందు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు సెలైను పెడితే ఇంకా ప్రమాదం. మా రాత్రి డ్యూటీ సిస్టరుకు ఆ సంగతి తెలుసు గనుక డాక్టరు గారికి వెంటనే ఫోను చేసింది. దేవుని కృపవలన ఆమె కోలుకుంది. కాని కూతురి పెళ్ళిలో చేతికర్రతో వచ్చి కుర్చీలో కూర్చుంది.

సర్జను చేతిలో లోపం లేదు. ఆమె సిద్ధపడలేదు, ఆమెను ఎవరూ సిద్ధపరచలేదు. మాత్రలు జన్మంతా వేసుకోవాలని ఆపరేషనుకు ముందు రోజు సాయంత్రం చెబితే ఎవరి చెవిన పడుతుంది?

మరి ఆ మూడు నెలలు ఏమి చేస్తారని అడుగుతారు. మొదటి రెండు మూడు వారాలు పరీక్షలకే పోతాయి. రక్తం, థైరాయిడ్, లివర్, కిడ్నీ, ఐరన్, బి12, విటమిన్ డి, ఇ.సి.జి., గుండె ఎకో, పొట్ట స్కానింగ్, ఎండోస్కోపీ. గట్టిగా గురక పెట్టి పగలు కునికిపాట్లు పడేవారికి నిద్ర పరీక్ష కూడా. నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు బయటపడితే రాత్రిళ్ళు మాస్కు యంత్రం పెట్టుకుని పడుకోవడం కొన్ని వారాలు అలవాటు చేసుకోవాలి. మత్తు డాక్టరుకు ఇది చాలా ముఖ్యం.

ఎండోస్కోపీలో హెచ్. పైలోరీ అనే క్రిమి కనబడితే సాధారణంగా 14 రోజులు మందులు. ఆ మందులు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగితేగాని క్రిమి పోయిందో లేదో తేల్చే పరీక్ష చేయరు. అక్కడే ఆరు వారాలు! బీడీ, సిగరెట్టు, చుట్ట తాగేవారు కనీసం ఆరు వారాల ముందు మానాలి. ఖైనీ, గుట్కా కూడా ఈ లెక్కలోకే వస్తాయి. నికోటిన్ వల్ల కుట్లు మానవు, బైపాస్ చేసిన చోట పుండు పడుతుంది. (మా శ్రీకాకుళం వైపు పెద్దమ్మలు అడ్డపొగ తాగుతారు. "నేను సిగరెట్టు ముట్టనమ్మా" అంటారు. నిజమే, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు!)

షుగరు సంగతి చూడండి. హెచ్.బి.ఎ.1.సి. అనేది గడచిన రెండు మూడు నెలల సరాసరిని చూపిస్తుంది. పది రోజులు నోరు కట్టుకుంటే అది మారదు. మామూలుగా 7 దగ్గరకు రావాలంటారు, ఎన్నో ఏళ్ళుగా షుగరు ఉన్నవారికి 8 వరకు ఒప్పుకుంటారు. పదిలో ఉన్న మనిషి అక్కడికి రావడానికి మూడు నెలలు పట్టడం ఎవరి నిర్లక్ష్యమూ కాదు, రక్తం స్వభావమే అంత.

చివరి రెండు వారాలు, కొందరికి నాలుగు, ద్రవాహారం. రోజుకు 800 నుండి 1000 కేలరీల లోపు. పలచని మజ్జిగ, పెసరకట్టు, వడకట్టిన కోడి సూపు, డైటీషియను చెప్పిన ప్రోటీను పొడి. ఇది మనిషిని సన్నబరచడానికి కాదు. లావుగా ఉన్నవారిలో లివరుకు కొవ్వు పట్టి పెద్దదై కడుపు మీద కప్పేసి ఉంటుంది. ఈ ఆహారంతో మొదటి రెండు వారాల్లోనే అది బాగా కుంచించుకుపోతుంది. అప్పుడు సర్జనుకు కడుపు కనబడుతుంది. పెళ్ళివారింటి బిర్యానీ ఒక్క పూటే కదా అని తినివచ్చి ఆపరేషను వాయిదా వేయించుకున్నవారు ఉన్నారు.

ఇక్కడ మన సంఘస్థులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ద్రవాహారాన్ని ఉపవాస ప్రార్థనతో కలపకండి. ఒక అక్క అలాగే చేసింది. శుక్రవారం ఉపవాస కూటంలో మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. షుగరు మాత్ర మాత్రం ఎప్పటిలాగే ఉదయం వేసుకుంది. పాట పాడుతూ పాడుతూ కూలబడింది. షుగరు 46. పాస్టరు అమ్మగారు నోట్లో పంచదార నీళ్ళు పోయబోతుంటే మన సిస్టరు ఒకరు అక్కడే ఉండి ఆపింది. తెలివి లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోడ్డు దాటితే మన క్యాజువాలిటీ గనుక సరిపోయింది. తిండి తగ్గించినప్పుడు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రల డోసు తగ్గించాలి. అది మీకై మీరు చేసేది కాదు, డాక్టరు గారిని అడిగి చేయాలి.

ఈ రోజుల్లో వారానికొక ఇంజక్షను చాలదా అని చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. టిర్జెపటైడ్ 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది, బరువు కోసం ఇచ్చే సెమాగ్లూటైడ్ ఇంజక్షను కూడా ఆ ఏడాదే. కొందరికి అవి బాగా పనిచేస్తాయి. ఎవరికి ఏది తగునో డాక్టర్లు చెబుతారు. వాటిని వాడుతూ ఆపరేషనుకు వెళ్ళేవారు మాత్రం మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. అవి కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి.

ఇంతవరకు తొందరపడేవారికి చెప్పాము. ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక లారీ డ్రైవరు వచ్చాడు. వయస్సు 48, బి.ఎం.ఐ. 41, బి.పి., షుగరు, గురక. ధైర్యం చేసి ఆపరేషను గురించి అడిగాడు. మేము, "ముందు పది కిలోలు తగ్గి రా తమ్ముడూ, అప్పుడు చూద్దాం" అన్నాము. ఎలా తగ్గాలో చెప్పలేదు. ఎప్పుడు రావాలో తేదీ రాయలేదు. అతను మళ్ళీ రాలేదు. ఎనిమిది నెలలకు ఎడమ కాలు, చెయ్యి పడిపోయి స్ట్రెచరు మీద వచ్చాడు. ఆపరేషను జరిగివుంటే పక్షవాతం వచ్చేది కాదని మేము అనలేము. కానీ బరువు తగ్గలేకనే మన దగ్గరకు వచ్చిన మనిషిని, బరువు తగ్గితేనే రమ్మని పంపించాము. ఆ మాట ఇప్పటికీ మాకు నిద్రలో వినబడుతుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెబుతారు, అక్కడ చాలా ఇన్సూరెన్సు కంపెనీలు మూడు నుండి ఆరు నెలలు డైటు చేసినట్టు రుజువు చూపితేగాని డబ్బు కట్టమని కూర్చున్నాయని. అలా బలవంతాన ఆపి ఉంచడం వల్ల రోగికి మేలని చెప్పే గట్టి ఆధారం లేదని అక్కడి బేరియాట్రిక్ సర్జన్ల సంఘమే 2016లో ప్రకటించింది. మేమూ అదే అంటాము. సరిచేయవలసింది ఉంటే ఆగాలి. సరిచేసేది ఏమీ లేనప్పుడు పరీక్ష పెట్టినట్టు ఆపకూడదు.

అర్హత లెక్క కూడా చెబుతాము. బరువును కిలోలలో తీసుకుని, మీటర్లలో ఎత్తును ఎత్తుతో హెచ్చించి దానితో భాగిస్తే వచ్చేది బి.ఎం.ఐ. 160 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు ఉన్నవారికి 37.5 వస్తుంది. 1991లో అమెరికా వారు పెట్టిన హద్దు 40, జబ్బులుంటే 35. 2022లో రెండు పెద్ద సర్జన్ల సంఘాలు కలిసి దానిని 35కు దించాయి. మన ఆసియా వారికి తక్కువ లావులోనే షుగరు వస్తుంది గనుక 27.5 దాటినవారికి కూడా ఈ మార్గం చూపవచ్చన్నాయి. మన దేశంలో ఇన్సూరెన్సు సంగతి వేరు. 2019లో ఐ.ఆర్.డి.ఎ.ఐ. పెట్టిన నియమంలో 40 ఉండాలి, లేదా 35తో పాటు తీవ్రమైన జబ్బులుండాలి, వయస్సు 18 నిండాలి, మామూలు పద్ధతులతో తగ్గలేదని కూడా ఉండాలి. కాబట్టి డైటీషియను చీటీలు, తూకం రాసిన పుస్తకం పారేయకండి. డాక్టరు తగునన్నా పాలసీ కాదనవచ్చు. డబ్బు సర్దుకునే సమయాన్ని కూడా ఈ మూడు నెలల్లోనే లెక్క వేసుకోండి.

పరీక్షల కంటే కష్టమైన సిద్ధపాటు ఇంట్లో ఉంది. ఆపరేషను తర్వాత రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీను తినాలి, అదీ పిడికెడంత కడుపుతో. ముద్ద నమలడం మనకు రాదు. చారన్నం, పెరుగన్నం జుర్రుకోవడమే అలవాటు. ఒక ముద్దను ఇరవైసార్లు నమలడం, తింటూ నీళ్ళు తాగకపోవడం, అరగంట ఆగి తాగడం, ఇవి ఆపరేషనుకు రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. వంట చేసేది ఎవరు? అత్తగారా, కోడలా? వారిని డైటీషియను దగ్గరకు తీసుకురండి. పిల్లలు కనే వయస్సువారు ఆపరేషను తర్వాత 12 నుండి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. భార్యాభర్తలు ఇద్దరూ ముందే కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి ఇది.

మరి సంఘం? "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటోంది" అనే మాట స్త్రీల కూటంలో మేము చెవులారా విన్నాము. అన్నది కూడా ప్రార్థనాపరురాలే. ఊబకాయం తిండిపోతుతనం ఒక్కదాని వల్ల వచ్చేది కాదు. వంశం, హార్మోన్లు, మందులు, నిద్ర లేకపోవడం, అన్నీ ఉంటాయి. పిత్తాశయం రాళ్ళకు ఆపరేషను చేయించుకున్నవారిని మనం ఇలా అనము. ఆ మాట విన్నాక ఆ చెల్లి రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు, మా దగ్గరకు కూడా రాలేదు. మేమే ఇంటికి వెళ్ళి తీసుకొచ్చాము.

మావైపు కూడా కొన్ని మార్చుకున్నాము. తూకం యంత్రాన్ని ఓ.పి. వరుస ముందు నుండి తీసి తెర వెనుక పెట్టాము. బరువు పైకి చదవము, రాస్తాము. లావు చేతులకు పెద్ద బి.పి. పట్టీ కొన్నాము. చిన్న పట్టీ కడితే లేని బి.పి. ఉన్నట్టు చూపిస్తుంది. తమ్ముడూ, పది కిలోలు తగ్గి రా అనే మాట మానేశాము. వచ్చిన ప్రతివారికి తర్వాత రావలసిన తేదీ చీటీ మీద రాసి ఇస్తున్నాము.

ఆ చెల్లికి ఇప్పుడు తొమ్మిదో వారం. షుగరు 10.1 నుండి 8.2కు వచ్చింది. ఐరన్ ఇంజక్షన్లు అయిపోయాయి. మూడు బంతుల శ్వాస పరికరం ఇచ్చాము, అందరిలాగే మొదట ఊదింది. ఊదకూడదమ్మా, లోపలికి పీల్చాలి అని చూపించాక మొన్న రెండు బంతులు లేపింది. మూడోది ఇంకా లేవలేదు. వచ్చే బుధవారం మళ్ళీ వస్తుంది.