మునగనే మునగచెట్టు ఎక్కిస్తున్నారు

ఈమధ్య ఎక్కడ చూసినా మునగాకు పొడే. చిన్న డబ్బాలో పోసి వందల రూపాయలకు అమ్ముతున్నారు. పాల కన్నా కాల్షియం ఎక్కువట, నారింజ కన్నా సి విటమిన్ ఎక్కువట, యాంటీ ఆక్సిడెంట్ల గనియట. మన హాస్టల్ పిల్లలు కొందరు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బులు పెట్టి కొంటున్నారని తెలిసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను చదివేది వృక్షశాస్త్రం ఎం.ఎస్సీ. యాంటీ ఆక్సిడెంట్ పరీక్ష మా ల్యాబ్‌లో చేసేదే. డీపీపీహెచ్ అనే రసాయనం ఊదా రంగులో ఉంటుంది. ఆకు రసం కలిపితే పసుపు రంగుకు తిరుగుతుంది. ఎంత రంగు పోయిందో 517 నానోమీటర్ల దగ్గర కొలిచి ఇంత శాతం అని రాసుకుంటాం. మునగాకు ఇందులో బాగానే నెగ్గుతుంది. అయితే అది నెగ్గింది గాజు గొట్టంలో. కడుపులో పడి, అరిగి, రక్తంలో చేరేదెంత, అక్కడ చేసే పని ఎంత అన్నది వేరే లెక్క. ఇలాంటి అంకెల పట్టికనే అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. కంపెనీలు దాన్ని అమ్మకాలకు దుర్వినియోగం చేస్తున్నాయని కూడా చెప్పింది.

ఇక ఖనిజాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో కాల్షియం 314 మిల్లీగ్రాములు, ఇనుము సుమారు 4.5 మిల్లీగ్రాములు. పాలకూరలో కాల్షియం 82 మాత్రమే. కాబట్టి మునగాకు గొప్పదే. మరి డబ్బా మీద అంకెలు ఇంకా పెద్దగా ఎందుకుంటాయి? ఎండిన పొడిని పచ్చి పండుతో పోలుస్తారు గనుక. ఆకులో ముప్పాతిక వంతు నీరే. అది పోతే అంకె నాలుగింతలవుతుంది. నారింజను కూడా ఎండబెట్టి పోల్చరేం? పైగా పొడి ఎవరైనా చెంచాడు తింటారు గానీ వంద గ్రాములు తినరు కదా!

నాకు భయం వేసేది డబ్బు పోతుందని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మన అమ్మలూ అక్కచెల్లెళ్ళూ ఈ లెక్కలోని వాళ్ళే. 13-15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలని 2020 సిఫార్సులు చెబుతున్నాయి. మెస్ పప్పులో మనిషికి 30 గ్రాముల ఆకు పడినా వచ్చేది ఒకటిన్నర మిల్లీగ్రాము లోపే. అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 ఉంటుంది. "మునగాకు తింటున్నాంగా" అని ఆ మాత్రను కిటికీలోంచి విసిరేసే చెల్లెళ్ళారా, దయచేసి మింగండి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ.

అలాగని మునగను వదిలేయమనను. మా అమ్మ కూలికి వెళ్ళి వస్తూ గట్టు మీద రెమ్మ విరుచుకొచ్చి తెలగపిండితో వండేది. ఆషాఢంలో అయితే తప్పనిసరి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే, కానీ ఆ కూర తినాలని చెప్పడానికి ఆమెకు ఏ డిగ్రీ అవసరం కాలేదు.

నా అభిప్రాయం ఏమంటే, ప్రతి హాస్టల్ ఆవరణలో నీళ్ళు నిలవని చోట ఐదారు మునగచెట్లు ఉండాలి. వారానికి రెండుసార్లు ఆకు పప్పులో పడాలి. పప్పు దించాక నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. అంతమందికి ఆకు దూయడం వంటవాళ్ళ వల్ల కాదు, సీనియర్లం సాయం కూర్చోవాలి. చెట్లున్నాయి కదా అని గుడ్డో, ఆకుకూరల ఖర్చో ఎవరైనా తగ్గించబోతే మాత్రం ఒప్పుకోకూడదు. పట్టికలో ఆకుకూర పప్పు అని ఉండి, పప్పులో ఆకును వెతుక్కోవలసి వచ్చే మెస్‌లో నేనూ తిన్నాను.

కొమ్మ నాటితే చాలు, బతుకుతుంది. తొలకరికి మా ఊరి నుంచి కొమ్మలు నేనే తెస్తాను, గుంతలు మీరు తవ్వి ఉంచండి. ఒక్క జాగ్రత్త: మునగ కొమ్మ పెళుసు, చెట్టెక్కకుండా దోటితో లాగండి.