‘పరస్పర గౌరవం’లో కులానికి చోటెందుకు లేదు? (6వ భాగం)



సైన్స్ సదస్సుకు రిజిస్టర్ అయ్యేటప్పుడు కింద ఒక చిన్న గడి ఉంటుంది. ప్రవర్తనా నియమావళి చదివాను, ఒప్పుకుంటున్నాను అని టిక్కు పెట్టాలి. ఎవరూ చదవరు. మీలో కొందరు పంపినవి ఈ నెలంతా కూర్చుని నేను చదివాను. జాతి, రంగు, లింగం, మతం, వయసు, వైకల్యం, కొన్నింట్లో ఒంటి లావు సన్నం గురించి కూడా ఉంది. చాలావాటిలో కులం లేదు. సదస్సు జరిగేది హైదరాబాదులో, పూణేలో, బెంగళూరులో. వాక్యాలు మాత్రం అమెరికా నుంచి దిగుమతి. దిగుమతి చేసుకున్న పెద్దలకు ఇక్కడి మాట ఒక్కటి అందులో చేర్చాలని తోచలేదు. తోచలేదా, తోచినా మింగేశారా అన్నది మీరే తేల్చుకోండి.

‘సైన్సుకు కులం ఉండదండీ’ అంటారు. సైన్సుకు ఉండదు, నిజమే. టీ బ్రేకుకు ఉంటుంది.

హాల్లో ఉన్నంతసేపూ ఇంగ్లీషు. ఇంగ్లీషులో అందరికీ ‘యూ’ ఒక్కటే కాబట్టి లోపలున్నది బయటపడదు. బయటకొచ్చి కప్పు పట్టుకోగానే తెలుగు మొదలవుతుంది. తోటి ప్రొఫెసర్‌కు ‘గారు’, ‘మీరు’. ఆయన శిష్యుడు తనవాడైతే ‘ఏం నాన్నా’. మనవాడైతే ‘ఏమోయ్’. టీ పోసే మనిషికి, వయసు యాభై దాటినా సరే, ‘రేయ్’. టాయిలెట్ కడిగే అమ్మకు ఆ పిలుపు కూడా ఉండదు, వేలు చూపిస్తారు. ఈ వరస ఏ నియమావళిలోనూ నేరం కాదు, ఎందుకంటే నియమావళి ఇంగ్లీషులో ఉంది.

ఒక తమ్ముడు తన పోస్టర్ పక్కన రెండు గంటలు నిలబడ్డాడు. ఒక పెద్దాయన వచ్చి మెడలో బ్యాడ్జి చూశాడు. దాని మీద ఇంటి పేరు లేదు, పొడి అక్షరం ఉంది. ‘ఆ అక్షరమేంటి? ఏ ఊరు? నాన్నగారేం చేస్తారు?’ తర్వాత ఇక ఆగలేక ‘ఇంతకీ మీరేవిట్లు?’ అన్నాడు. జవాబు విన్నాక ‘ఓహో, ఫెలోషిప్పులు బాగానే వస్తున్నాయిగా మీకు’ అని నవ్వి వెళ్లిపోయాడు. నాలుగేళ్ల పని గోడ మీద వేలాడుతోంది. దాని మీద ఒక్క ప్రశ్న లేదు. ఇప్పుడు చెప్పండి, ఇతను ఏ క్లాజు కింద ఫిర్యాదు చేయాలి? ఆయన తిట్టలేదు, ముట్టుకోలేదు, నవ్వాడు. ‘కులం అడిగి, దాన్నిబట్టి ప్రతిభను తక్కువ చేసి మాట్లాడటం వేధింపే’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ తమ్ముడికి పట్టుకోవడానికి ఏదో దొరికేది.

దీనికి వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు: ‘విడిగా రాయక్కర్లేదు, అన్నీ అందులోనే వస్తాయి.’ ఈ మాట చాలా దూరం తిరిగొచ్చింది. 2019లో అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ తన నిబంధనల్లో కులాన్ని చేర్చింది. 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం ఏకంగా చట్టమే చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఎస్‌బీ 403 బిల్లు పాస్ చేస్తే అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. కారణం? ఉన్న చట్టాల్లోనే అది వస్తుందట. బిల్లు వద్దని గట్టిగా కొట్లాడింది ఎవరనుకున్నారు, తెల్లవాళ్లా? ఇక్కడి నుంచి కులాన్ని సూట్‌కేసులో సర్దుకుని పోయినవాళ్లే.

నిజంగా అన్నీ అందులోనే వచ్చేట్టయితే విశాఖ తీర్పు ఎందుకు అవసరమైంది? (మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్ కేసులో కోర్టుకెళ్లిన సంస్థ పేరు అది.) ఐపీసీలో 354, 509 సెక్షన్లు అంతకుముందే ఉన్నాయి. అయినా పని చేసే చోట లైంగిక వేధింపు అని పేరు పెట్టి 1997లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇస్తే తప్ప, 2013లో చట్టం వస్తే తప్ప, కమిటీలు పుట్టలేదు. పేరు పెట్టని వేధింపుకు రిజిస్టర్‌లో గడి ఉండదు. ఇంకోటి కూడా గుర్తు పెట్టుకోండి. ఆ కేసుకు మూలమైన భన్వరీ దేవి కుమ్మరి కులపు మనిషి. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద అత్యాచారం చేసినవాళ్లు ఆమెకంటే పై కులాలవాళ్లు. ఆమె పోరాటంలోంచి పుట్టిన మార్గదర్శకాల్లో లింగం మిగిలింది, కులం జారిపోయింది. మన మేధావులకు ఈ జారిపోవడం బాగా అలవాటు.

పేరు పెడితే ఏమవుతుందో కూడా చూశాం. 2024 డిసెంబరులో వాంకూవర్‌లో న్యూరిప్స్ జరిగింది, కృత్రిమ మేధలో ప్రపంచంలోనే పెద్ద సదస్సుల్లో ఒకటి. ఆహ్వానిత ప్రసంగంలో ఎంఐటీ ప్రొఫెసర్ ఒకరు కాపీ గురించి చెబుతూ స్లైడు మీద చైనా విద్యార్థి అని ప్రత్యేకంగా జాతీయత పెట్టారు. ప్రశ్నల సమయంలో ఒకరు లేచి అక్కడే నిలదీశారు. ఇది మా ప్రవర్తనా నియమావళికి సరిపోదని నిర్వాహకులు బహిరంగంగా ప్రకటించారు, ప్రొఫెసర్ క్షమాపణ చెప్పారు. మన దగ్గర ‘కోటా బ్యాచ్’ అనే జోకు వేదిక మీదే పేలుతుంది, ముందు వరస నవ్వుతుంది. లేచి నిలదీసినవాడికి రికమండేషన్ లెటర్ ఎవరిస్తారు? పరిచయాలతో నడిచే లోకం అది. గైడు, పరీక్షకుడు, రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చునేవాడు ఒకే బల్ల దగ్గర భోంచేస్తుంటారు.

భోజనం అంటే మేఘనాథ్ సాహా గుర్తొస్తాడు. 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరితే, తక్కువ కులమని ఈడెన్ హిందూ హాస్టల్లో తోటి విద్యార్థులు అతనితో కలిసి తినడానికి ఒప్పుకోలేదు. నక్షత్రాల్లో ఏముందో చదవడానికి లోకానికి సమీకరణం ఇచ్చినవాడు ఆయనే. 1934లో బొంబాయి సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడూ ఆయనే. అదే బొంబాయిలో 2023లో ఐఐటీ హాస్టల్ మెస్‌లో శాకాహారులకు మాత్రమే అని ఆరు బల్లలు విడదీశారు, నిరసన చెప్పిన విద్యార్థికి పది వేల రూపాయల జరిమానా వేశారు. సదస్సుల్లో కూడా వెజ్ కౌంటర్ ఒక చోట, నాన్‌వెజ్ ఇంకో మూల. కొన్నిచోట్ల మూల కూడా లేదు. పప్పు తినడానికి నాకేం అభ్యంతరం లేదు. నా ప్లేటు నీకు అపవిత్రం అనడం మీదే నా అభ్యంతరం.

గౌరవం అనే మాటను మన నోరు మూయించడానికి వాడటం ఇంకో కథ. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ పిల్లల ముందు నిలబడి కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని చెప్పాడు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఏ(హెచ్)లో రాసుకున్న దేశం ఇది. అక్కడ ఒక మాదిగ పిల్ల లేచి ‘ఆధారం ఏది సార్’ అని అడిగి ఉంటే మర్యాద తప్పింది ఎవరని రాసేవాళ్లు?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆహ్వానం రాగానే నిర్వాహకులకు ఉత్తరం రాయండి. ‘కులం’ అన్న మాట విడిగా ఉండాలి. ఇంటి పేరు, కేటగిరీ, ర్యాంకు ఆరా తీయడం వేధింపని రాయాలి. ఫిర్యాదు తీసుకునే ముగ్గురిలో ఒకరు ఎస్సీ ఎస్టీ అయి ఉండాలి, ఆ సంస్థ బయటివాళ్లయితే మరీ మంచిది. నియమావళి తెలుగులో, హిందీలో కూడా గోడకు అంటించాలి, టీ పోసే అన్నకు, టాయిలెట్ కడిగే అమ్మకు కూడా అది వర్తించాలి. అన్నిటికంటే ముందు ఇది గుర్తుంచుకోండి: 1989 అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) సదస్సు గేటు దగ్గర ఆగిపోవు. నలుగురు చూస్తుండగా కులం పేరుతో తిడితే, కావాలని అవమానిస్తే అది నియమావళి సమస్య కాదు, పోలీస్ స్టేషన్ సమస్య.

ఫిర్యాదులో తేదీ, సమయం, అన్న మాట అన్నట్టే, విన్నవాళ్ల పేర్లు ఎలా రాసుకోవాలో 7వ భాగంలో నమూనాతో పెడతాను. ఈలోగా మీకొచ్చిన నియమావళులు ఇన్‌బాక్స్‌కు పంపుతూ ఉండండి, మీ పేర్లు తీసేసి పంపండి.