క్యాష్ అంటే డబ్బు కాదు బాపూ!

మీ ఫోన్‌లో జీపీఎస్ దేనికి వాడతారని అడిగితే మనలో చాలామంది చెప్పేది ఒకటే. బిర్యానీ ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి, క్యాబ్ ఏ సందులో ఆగిపోయిందో కనిపెట్టడానికి! అదే జీపీఎస్‌తో ఎవరో అడవిలో దాచిన డబ్బాను వెతికే ఆట ఒకటుంది. పేరు జియోక్యాషింగ్. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైగా ఉన్నాయి. మీరు రోజూ నడిచే పార్కులో, బెంచీ కింద కూడా ఒకటి ఉండొచ్చు.

ఈ ఆట ఎలా పుట్టిందో తెలిస్తే మీకు భలే నచ్చుతుంది. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ను కావాలనే కాస్త చెడగొట్టి వదిలేది. మీరు ఒక చోట ఉంటే అది ఒక్కోసారి వంద మీటర్ల అవతల చూపించేది. 2000 మే 1 అర్ధరాత్రి ఆ అడ్డు తీసేశారు. రెండు రోజులు తిరక్కుండానే, మే 3న, ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్‌ను చెట్ల మధ్య దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, కొంచెం డబ్బు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా. దొరికినవాళ్లు ఏదైనా తీసుకోవచ్చు, బదులుగా ఏదైనా పెట్టాలి. అంతే రూలు. కొద్ది రోజుల్లోనే దాన్ని జనం కనిపెట్టేశారు. ఇప్పుడు ఆ చోట జ్ఞాపకంగా ఒక ఫలకం ఉంది.

ఇదంతా నేను మా బాపుకు వివరంగా చెప్పాను. ఆయన మొత్తం విని ఒక్క మాటన్నాడు. "అడవిల క్యాష్ ఎవడు పెడ్తడు బిడ్డా? పెడ్తే మాత్రం ఉంటదా?"

మా బాపుది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. వరి పొలం, రెండు బర్రెలు, పొద్దునే చెరువు కట్ట మీద నడక. ఏప్రిల్ మొదట్లో న్యూజెర్సీలో మా దగ్గరికి వచ్చాడు. ఇక్కడికి తల్లిదండ్రుల్ని పిలిపించుకున్న వాళ్లందరికీ తెలిసిన కథే తర్వాతది. మొదటి వారం సంబరం. రెండో వారం టీవీ. మూడో వారం నుంచి గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి, "ఇంకెన్ని దినాలు?" అని లెక్క. మేమిద్దరం ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు పోతే అపార్ట్‌మెంట్ పార్కింగ్ చుట్టూ తిరగడం తప్ప ఆయనకు పనేముంది?

అంతకంటే నాకు బాధనిపించిన విషయం వేరే ఉంది. మా పెద్దదానికి పదకొండేళ్లు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లిష్‌లో ఇస్తుంది. అది కూడా నా తెలుగే అర్థమవుతుంది, తాత తెలుగు కాదు. ఆయన "జెర ఆ చెంబు అందియ్" అంటే అది నా మొహం చూసేది. మూడు వారాల్లో ఇద్దరి మధ్యా నడిచిన మాటలు "తిన్నవా బిడ్డా?", "యా తాత". అంతకుమించి లేవు.

అందుకే ఒక ఆదివారం సాయంత్రం అందరినీ కారెక్కించాను. మా ఇంట్లో నలుగురిని ఒకేసారి బయల్దేరదీయడమంటే కప్పల తక్కెడే. ఒకడు ఎక్కితే ఇంకొకరు దిగుతారు. ఇప్పుడు తాతతో కలిపి ఐదుగురం. సకినాల డబ్బా, నీళ్ల సీసాలు, ఒక పెన్ను పెట్టుకున్నాం. పెన్ను ముఖ్యం. డబ్బాలో చిన్న పుస్తకం ఉంటుంది, అందులో సంతకం పెడితేనే దొరికినట్టు లెక్క. పెన్ను మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

మేం ఎంచుకున్న డబ్బా మా ఊరికి అరగంట దూరంలో, ఒక పార్కులో కప్పల కుంట పక్కన ఉంది. యాప్‌లో ప్రతి డబ్బాకు రెండు అంకెలుంటాయి. వెతకడం ఎంత కష్టం, అక్కడికి నడవడం ఎంత కష్టం అనేవి. ఒకటి నుంచి ఐదు వరకు. ఇది రెండు, రెండు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది.

బాట మొదట్లోనే ఫోన్ చేతిలోకి తీసుకుని మా పెద్దది లీడర్ అయిపోయింది. యాప్‌లో బాణం ఉంటుంది, అది డబ్బా వైపు నేరుగా చూపిస్తుంది. 200 మీటర్లు, 150, 90. చెట్లు పలచబడి కుంట కనిపించింది. బాణం మాత్రం నీళ్ల మీదుగా ఆ ఒడ్డుకు చూపిస్తోంది! మా చిన్నోడు అప్పుడే బూట్లతో బురదలోకి దిగబోయాడు.

"ఆగు! ఫోన్‌కు తొవ్వ తెల్వది. దిశ ఒక్కటే తెలుసు" అన్నాడు బాపు.

తొవ్వ అంటే ఏంటని పెద్దది అడిగింది. దారి అని చెప్పాను. కొత్త మాట దొరికింది కదా, ఆ సాయంత్రమంతా "వేర్ ఈజ్ ద తొవ్వ?" అంటూనే ఉంది.

చుట్టూ తిరిగి వెళ్లే బాట ఎడమవైపు ఉంది. నీటి అంచున అడుగు పెట్టకండని డబ్బా పెట్టిన మనిషి యాప్‌లో ముందే రాశాడు. ఎందుకో అక్కడ నిలబడి చూస్తే అర్థమైంది. ఇది ఏడాదంతా నీళ్లుండే చెరువు కాదు. చలికాలం వానలకు, కరిగిన మంచుకు నిండుతుంది, ఎండాకాలానికి ఎండిపోతుంది. ఎండిపోతుంది కాబట్టి చేపలు బతకవు. చేపలు లేవు కాబట్టి గుడ్లను, పిల్లలను తినేవాళ్లు తక్కువ. అందుకే కొన్ని రకాల కప్పలు ఇలాంటి కుంటలనే వెతుక్కుని వచ్చి గుడ్లు పెడతాయి. లోతు తక్కువగా ఉండే చోట్లలోనే గుడ్లు, తోకకప్పలు ఎక్కువ. మనం 'కొంచెం బురదే కదా' అనుకుని వేసే ఒక్క అడుగు కింద ఎన్ని పోతాయో లెక్కుండదు.

ఇది బాపుకు చెబితే, "మా ఊరి కుంట గూడ గంతే గదా. ఎండలకు పర్రెలు వడ్తది, తొలి వానకు ఒక్క రాత్రిల కప్పలతోని నిండుతది" అన్నాడు. ఇక్కడికి వచ్చాక ఆయన నోటి వెంట 'మా ఊర్లో లాగే' అన్న మాట వినడం అదే మొదటిసారి.

అప్పటికి మబ్బు పట్టి చీకటి పడుతోంది. కుంట నిండా గజ్జెలు మోగినట్టు ఒకటే చప్పుడు. స్ప్రింగ్ పీపర్ అని ఇక్కడి చిన్న కప్ప అది. రూపాయి బిళ్లంత ఉంటుంది, వీపు మీద ఇంటూ గుర్తు. గొంతు మాత్రం చాలా దూరం వినిపిస్తుంది. మేం నాలుగడుగులు వేయగానే ఆ చప్పుడు స్విచ్ ఆపేసినట్టు ఆగిపోయింది.

"కదలకున్రి" అన్నాడు బాపు మెల్లగా. "రాత్రి పొలం కాడ పండినప్పుడు కప్పలు మొత్తుకునుడు ఆగిందంటే ఏదో వస్తున్నట్టు లెక్క. పామో, పందో, మనిషో. ఇప్పుడు మనమే. ఉలుకు పలుకు లేకుంట నిలవడితే మల్ల షురూ చేస్తయి."

నిలబడ్డాం. మా చిన్నోడు నిమిషం పాటు నోరు మూసుకుని ఉండటం నేను చూసి ఎన్నాళ్లయిందో! దూరంగా ఒకటి కూసింది. ఇంకొకటి జవాబిచ్చింది. కాసేపటికి మళ్లీ కుంటంతా మోత. పెద్దది ఫోన్ కిందికి దించేసి తాత మొహం వైపు చూస్తోంది, ఆయన దగ్గర ఏదో మంత్రం ఉన్నట్టు.

ఇంకా డబ్బా దొరకలేదు మరి. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ జీపీఎస్ సుమారు ఐదు మీటర్ల వరకు సరిగ్గా చూపిస్తుంది. చెట్ల కింద ఇంకా తేడా వస్తుంది. బాణం గిర్రున తిరగడం మొదలుపెట్టిందంటే దాని పని అయిపోయినట్టే. అక్కడి నుంచి కళ్లతో వెతుక్కోవాలి. మేం నలుగురం చెట్ల తొర్రలు, రాళ్ల సందులు చూస్తుంటే, బాపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డచోటే నిలబడి, "గది చూడున్రి" అన్నాడు.

పడిపోయిన ఒక మాను పక్కన కర్రలు. మాకేం తేడా కనిపించలేదు.

"గాలికి వడ్డ కట్టెలు ఒక్క తీరుగ, వరుసగ వడ్తయా? ఎవలో పేర్చిన్రు."

అనుభవమున్న ఆటగాళ్లు మొట్టమొదట వెతికే గుర్తు అదేనట. ఈ ఆట పేరు ఆ రోజే విన్న మనిషికి అది ఒక్క చూపులో దొరికింది. కర్రలు తీస్తే లోపల మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా. పిల్లల అరుపులకు కప్పలన్నీ మళ్లీ గప్‌చిప్.

డబ్బాలో బొమ్మ కార్లు, రబ్బరు బ్యాండ్లు, ఒక తాళంచెవి గొలుసు, తడవకుండా కవర్లో పెట్టిన పుస్తకం. చిన్నోడు కారు తీసుకుని బదులుగా సకినం పెడతానన్నాడు. తిండి పెట్టకూడదు, వాసనకు జంతువులు వచ్చి డబ్బాను కొరికేస్తాయి. ఇంతలో బాపు జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు. "క్యాష్ అన్నరు గదా. నేనే పెడ్త." పుస్తకంలో తెలుగులో సంతకం చేసి, ఊరి పేరు కూడా రాశాడు.

అసలు పేచీ తిరిగి వచ్చేటప్పుడు మొదలైంది. నల్లగా, నలుసుల్లా తోకకప్పలు ఒడ్డు పక్కనే గుంపులుగా ఈదుతున్నాయి. చిన్నోడు నీళ్ల సీసా ఖాళీ చేసి సిద్ధమయ్యాడు. వాడి లాజిక్ కూడా బాగానే ఉంది. ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలి కదా, నేను నా కారు ఇక్కడ పెట్టేస్తా, రెండు తోకకప్పలు తీసుకెళ్తా!

నేను ఏదో చెప్పేలోపే బాపు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని కప్పతల్లి కథ ఎత్తుకున్నాడు. వానలు పడకపోతే చిన్నప్పుడు పిల్లలంతా ఒక కప్పను పట్టి, వేపమండలతో రోకలికి కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవారట. ఆడవాళ్లు బిందెతో నీళ్లు తెచ్చి కప్ప మీద పోసేవారట. "అయిపోయినంక మల్ల గదే కుంటల ఇడిశేది. ఇంటికి తెచ్చుకునుడు లేదు. అది వానదిరా, మనది కాదు."

పెద్దది చాలాసేపు ఆలోచించి, వచ్చీరాని తెలుగులోనే అడిగింది. "తాతా, కప్పకి అది ఇష్టమా?"

బాపు వెంటనే జవాబు చెప్పలేదు. "ఎన్నడు అడగలే బిడ్డా" అన్నాడు చివరికి.

చిన్నోడు సీసా మూత పెట్టేశాడు. అలక మాత్రం కారెక్కేదాకా పోలేదు. ఆ కుంటలోని వుడ్ ఫ్రాగ్ అనే కప్ప చలికాలంలో ఆకుల కింద గడ్డకట్టిపోతుందని, గుండె కూడా ఆగిపోతుందని, ఎండ తగిలితే మళ్లీ లేచి కూర్చుంటుందని చెబితే అప్పుడు మొహం విప్పారింది. "నేను గూడ గంతే ఈడ" అని బాపు స్వెటర్ సర్దుకున్నాడు.

వెళ్లాలనుకునే వాళ్లకు నాలుగు ముక్కలు. యాప్ ఉచితమే, డబ్బు కట్టని వాళ్లకు కొన్ని డబ్బాలే కనిపిస్తాయి, మొదటికి అవి చాలు. దొరికిన డబ్బాను ఎలా ఉందో అలాగే మళ్లీ దాచేయాలి. కుంటల దగ్గరైతే ఇంకొంచెం జాగ్రత్త. కప్ప చర్మం నీటిని పీల్చుకున్నట్టే మన చేతులకున్న శానిటైజర్‌ను, దోమల మందును కూడా పీల్చుకుంటుంది, కాబట్టి ముట్టుకోవద్దు. ఒక కుంటకు తొడిగిన బూట్లను కడిగి, ఆరబెట్టాకే ఇంకో కుంటకు వెళ్లండి. కిట్రిడ్ అనే ఫంగస్ తడి బూట్ల మీద కూడా ప్రయాణం చేస్తుంది. దానివల్ల 500కు పైగా రకాల కప్పజాతి జీవులు తగ్గిపోయాయని, 90 రకాలు అంతరించిపోయి ఉంటాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అమెరికాలో ఉన్నవాళ్లు ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, ఇంటికొచ్చాక పిల్లల ఒంటి మీద పిడుదులున్నాయేమో చూడండి. మన దేశంలో డబ్బాలు తక్కువే కానీ ఉన్నాయి, హైదరాబాద్ మ్యాప్ తెరిచి చూడండి.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున క్యాలెండర్ లెక్క ఇంకా ఉంది. అబద్ధమెందుకు చెప్పాలి? కాకపోతే దానికి ముందు ఇంకో ప్రశ్న వచ్చి చేరింది. "మన రూపాయి ఉన్నదా, ఎవలన్న తీస్కపోయిన్రా?" అని బాపు మనవరాలిని అడుగుతాడు. అది యాప్ తెరిచి చూసి, "ఇంకా ఉన్నది తాతా" అంటుంది. 'ఉంది' అని కాదు, 'ఉన్నది' అని.

ఈ ఆదివారం మీరూ వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే తీసుకెళ్లండి. ఫోన్ మీరు పట్టుకోండి, ముందు మాత్రం వాళ్లను నడవనివ్వండి.